మెతోది మాస్టారి ఎర్తింగు దుప్పటి

ఎవరింటికైనా వెళితే మనుషులు ముందు క్షేమసమాచారాలు అడుగుతారు. మా మెతోది మాస్టారు మంచం ఎక్కడుందో అడుగుతారు. అడిగి ఊరుకోరు. బూట్లు విప్పి, కోటు జేబులోంచి కొలత టేపు లాగి, తిన్నగా పడగ్గదిలోకి నడుస్తారు. పుట్టినరోజుకు పిలిచినా అంతే, జ్వరం వచ్చిందని పలకరించడానికొచ్చినా అంతే. రూసె ఊళ్ళో, దాన్యూబు ఒడ్డునున్న మా ఎనిమిదంతస్తుల భవనంలో ఆయన కొలవని మంచం లేదు. ఒకసారి లిఫ్టు బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్కు అందులోనే ఇరుక్కుపోయాడు. మేమంతా కంగారుపడుతుంటే మాస్టారు తలుపు సందులో నోరు పెట్టి, "భయపడకు నాయనా, వచ్చేస్తున్నారు! అన్నట్టు, మీ ఇంట్లో మంచం వెడల్పెంత?" అని అడిగారు.

ఇదంతా దుప్పటి కోసం. మామూలు దుప్పటి కాదు, ఎర్తింగు దుప్పటి. నూలులో సన్నటి వెండి పోగులు కలిపి నేస్తారు. మూలన ఒక బొత్తం ఉంటుంది. దానికి వైరు తగిలిస్తే ఆ వైరు వెళ్ళి భూమిలో కలుస్తుంది. దాని మీద పడుకుంటే నేల మీద పడుకున్నట్టేనని మాస్టారి నమ్మకం. పూర్వం మనిషి నేల మీద హాయిగా నిద్రపోయేవాడట. ఇప్పుడు ఐదో అంతస్తులో, స్ప్రింగుల మీద, నైలాను చుట్టుకుని వేలాడుతున్నాడట. నిద్ర పట్టకపోవడం, నడుం నొప్పి, అత్తాకోడళ్ళ గొడవలు, అన్నీ అందుకేనట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన జాగ్రఫీ మాస్టారు. నేనూ ఆయన దగ్గర చదివినదాన్నే.

"జీవితమంతా భూమి గురించి పాఠాలు చెప్పాను రాలీ. ఒక్కడంటే ఒక్కడు దాన్ని తాకి చూసిన పాపాన పోలేదు," అని వాపోయేవారు.

నేను మందుల షాపులో పనిచేస్తాను. ఈ దుప్పటి పనిచేస్తుందనడానికి సాక్ష్యం చూపించమంటే నా దగ్గరేమీ లేదు. మాస్టారి దగ్గరా లేదు. కానీ ఆయన చెప్పే తీరు చూస్తే, సాక్ష్యం అడగడం మర్యాద కాదేమో అనిపిస్తుంది.

ఆయన దుప్పట్లు అమ్మరు. సోఫియాలో ఒక దుకాణం వాళ్ళు అమ్ముతారు. మంచానికి ఏ దుప్పటి సరిపోతుందో ఎంచి చెప్పడమే మాస్టారి పని. ఆ పనికి ఆయన్ని ఎవరూ నియమించలేదు, ఆయనే నియమించుకున్నారు. "దుప్పటి చిన్నదైతే అర్ధరాత్రి కాలు భూమి దాటిపోతుంది. పెద్దదైతే ముడతలు పడి నడుంకి గుచ్చుకుంటుంది. మంచానికి అంగుళం ఎక్కువా కాకూడదు, అంగుళం తక్కువా కాకూడదు," అనేవారు, దేశాల సరిహద్దులు చెబుతున్నంత గంభీరంగా.

పై అంతస్తులో కామెన్ అని లారీ డ్రైవరున్నాడు. ఆరున్నర అడుగుల మనిషి. మాస్టారి పోరు పడలేక, "నా మంచం కొలత ఇదీ, ఏది కొనాలో చెప్పండి," అన్నాడు.

"మంచాన్ని ఎవడైనా కొలుస్తాడు. నువ్వు ఎటు తిరిగి పడుకుంటావు?"

"ఏమో మాస్టారూ. నిద్రలో ఉంటాను కదా, చూసుకోలేదు."

"అయితే ఇప్పుడు పడుకో."

ఇంటినిండా చుట్టాలు. వాళ్ళందరి ముందూ కామెన్‌ని పడుకోబెట్టారు. వాడు ఐమూలగా పడుకున్నాడు. నిజంగానే నిద్రపోయాడు కూడా. మాస్టారు వాడి చుట్టూ సుద్దముక్కతో గీత గీసుకుని, భోజనాల బల్ల దగ్గరికొచ్చి కూర్చుని చీజు పెట్టి కాల్చిన బానిత్సా రెండు ముక్కలు తిన్నారు. ఆ సుద్ద మరక ఇప్పటికీ పోలేదని కామెన్ భార్య ఎవరు కనిపించినా చెబుతుంది.

ఇంకోసారి కొత్తగా పెళ్ళయిన జంట ఆయన చేతికి చిక్కారు. రెండు చిన్న మంచాలు కలిపి వేసుకున్నారు. ఒక పెద్ద దుప్పటా, రెండు చిన్నవా? పెళ్ళికూతురు ఒకటంది, పెళ్ళికొడుకు రెండన్నాడు. "నీకు నాతో కలిసుండడం ఇష్టం లేదు," అని ఆమె, "నువ్వు దుప్పటి లాక్కుంటావు," అని అతను, మొదలుపెట్టారు. మాస్టారు రెండు మంచాల మధ్య సందులో కూర్చుని ఓపిగ్గా విన్నారు.

"దెబ్బలాడుకుంటే మంచాలు విడదీసుకుంటారా?"

"విడదీసుకుంటాం!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు. వాళ్ళు ఏకీభవించింది ఆ ఒక్క మాట మీదే.

"అయితే ఒకటే దుప్పటి. అంత ఖరీదు పెట్టి కొన్నది చిరిగిపోతుందని భయపడైనా మంచాలు లాగరు," అని కాగితం మీద కొలత రాసిచ్చి లేచారు. వాళ్ళిప్పటికీ దెబ్బలాడుకుంటూనే ఉన్నారు, ఒకే దుప్పటి మీద.

వైరు సంగతి ఇంకో కథ. మిగతా ఊళ్ళలో దాన్ని గోడలో ఉన్న ప్లగ్గులో పెట్టుకుంటారట. మా భవనం ప్లగ్గుల్ని మాస్టారు నమ్మరు. "కట్టినవాళ్ళు అన్నీ పెట్టారు, భూమిని మర్చిపోయారు," అంటారు. అందుకని ప్రతి దుప్పటికీ వైరు కిటికీలోంచి కిందకి దింపి, నేలలో ఇనప కడ్డీ పాతి దానికి చుట్టేవారు. నేలంటే ఎక్కడిదో కాదు, కింది అంతస్తు జ్లాత్కమ్మ పూలమొక్కల మడి.

"నా బంతిపూల మధ్య ఇదేం పని మాస్టారూ! ఊళ్ళోవాళ్ళ నిద్రలన్నీ తెచ్చి నా మడిలో పాతుతున్నారు!" అని ఆవిడ కిటికీలోంచి అరిచేది. ఆవిడకి చూపు అంతంతమాత్రం, గొంతు మాత్రం దివ్యంగా ఉండేది.

"మీకు అద్దె కింద ఒక దుప్పటి ఎంచి పెడతాను జ్లాత్కమ్మా, మీ మంచం వెడల్పెంత?"

ఆవిడ ఠపీమని కిటికీ వేసేసేది.

సరే, ఇక మా ఇంటి సంగతికొస్తాను. నిరుడు శరదృతువులో మా నాన్న బోజిదార్ పోయాడు. మా భవనం వీధి తలుపు మీద ఆయన ఫొటోతో సంతాప కాగితం అంటించాం. ఆ రోజు నుంచీ అమ్మ పడగ్గదిలోకి అడుగుపెట్టలేదు. వంటింట్లో గోడవారగా ఇరుకు సోఫా ఒకటుంది, అటు తిరిగితే గోడ, ఇటు తిరిగితే నేల. దాని మీదే పడుకునేది. పడుకునేదంటే మాట వరసకి. రాత్రంతా ఫ్రిజ్జు చప్పుడు వింటూ కూర్చుని, పగలు స్టౌ ముందు కునికేది. పాలు మాడ్చడం సరే, ఒకరోజు నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి స్టౌ మీది గుడ్డ అంటుకుని ఉంది, అమ్మ కుర్చీలో నిద్రపోతోంది. గుడ్డ లాగి సింకులో పడేశాను. నేను లేనప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో అన్న భయంతో షాపులో మందులు మార్చి ఇచ్చేస్తానేమోనని ఇంకో భయం పట్టుకుంది.

మంచం అమ్మేద్దామన్నాను, వద్దంది. నా గదిలో పడుకోమన్నాను, "నీ గురక భరించలేను," అంది. నేను గురక పెట్టను. డాక్టరు గారు ఆవిడ నడుం చూసి, మంచం మీద పడుకోకపోతే మంచాన పడతారని చెప్పారు. అమ్మ ఆయనకి బుద్ధిగా తల ఊపి, ఇంటికొచ్చి సోఫా మీద పడుకుంది.

చలికాలం చివర్లో ఒక సాయంత్రం మాస్టారు వచ్చారు. నాన్న ఊసెత్తలేదు, ఓదార్చలేదు. బూట్లు విప్పి, "వెలిచ్కా గారూ, మంచం ఎక్కడ?" అన్నారు.

"నేను దాని మీద పడుకోవడం లేదు మాస్టారూ."

"మీరు పడుకోకపోయినంత మాత్రాన కొలతలు తగ్గవు కదా," అని టేపు లాగుతూ పడగ్గదిలోకి వెళ్ళిపోయారు.

చెయ్యి పట్టుకుని ఆపుదామని అమ్మ వెనకాలే పరుగెత్తింది. అలా పరుగెత్తి గుమ్మం దాటేసింది. దాటాక గానీ చూసుకోలేదు. మాస్టారు చూసినట్టు లేదు, పరుపు మందం కొలుచుకుంటున్నారు.

"పరుపు మందంగానే ఉంది. చుట్టూ ఎలాస్టిక్కు ఉన్నదైతే ఊడిరాదు. మీరు ఉన్ని మేజోళ్ళు వేసుకుని పడుకుంటారా?"

"వేసుకుంటాను."

"తీసెయ్యాలి. ఒళ్ళు దుప్పటికి తగలాలి. ఉతికేటప్పుడు బ్లీచింగు వద్దు, సువాసన వచ్చే సాఫ్ట్‌నరూ వద్దు, వెండి పోగులు పాడవుతాయి."

అమ్మకి సాఫ్ట్‌నరంటే ప్రాణం. మా ఇంట్లో గిన్నెలు తుడిచే గుడ్డ కూడా గులాబీ వాసనొస్తుంది. "సాఫ్ట్‌నరు లేకపోతే నాకు భూమీ వద్దు," అంది.

"ఆలోచించుకోండి. భూమి పెద్దది, తొందరేం లేదు," అంటూ మాస్టారు మంచం చుట్టూ ఇంకోసారి తిరిగారు. కిటికీ వరకూ వెళ్ళారు, వెనక్కొచ్చారు. తల గోక్కున్నారు. "మీకు ఒక మనిషి దుప్పటి చాలు. సగం మంచానికి వస్తుంది. కిటికీ వైపు వెయ్యాలి."

నేను తెల్లబోయాను. మంచానికి అంగుళం తక్కువ కాకూడదని ఊరంతా చాటే మనిషి, ఇంత పెద్ద మంచానికి సగం దుప్పటంటారేమిటి?

అమ్మ మొహం ఎర్రబడింది. "కిటికీ వైపు బోజిదార్‌ది. నాది గోడ వైపు."

"గోడ వైపుకి వైరు అందదు."

"అయితే ఇంకాస్త పొడుగు వైరు కొనండి!"

"ఈ రకం ఇప్పుడు రావడం లేదండీ," అన్నారు మాస్టారు, టేపు చుట్టుకుంటూ. దగ్గు రాకపోయినా దగ్గారు.

దుప్పటి రానే వచ్చింది. మాస్టారు స్వయంగా పరిచి, బొత్తానికి వైరు తగిలించి, కిటికీలోంచి దింపి, జ్లాత్కమ్మ చేత చీవాట్లు తింటూ కడ్డీకి చుట్టి వెళ్ళారు. ఎర్రదీ తెల్లదీ పెనవేసిన వైరది. దుకాణంలో ఆ రంగే ఉందట. అమ్మ పడగ్గది తలుపు మూసి, వంటింట్లో సోఫా మీద పడుకుంది.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడు.

"వెలిచ్కా గారూ, రాత్రి భూమి ఎలా ఉంది?"

దుప్పటి వేసుకున్న ప్రతి ఇంటికీ పొద్దున్నే వెళ్ళి ఆయన ఇదే ప్రశ్న అడుగుతారు. జవాబు వినకుండా కదలరు. అమ్మ ఆయన మొహం చూసి నిజం చెప్పలేక, "బాగానే ఉంది," అని గొణిగింది. మాస్టారు సంతోషంగా లోపలికెళ్ళి, హోంవర్కు దిద్దినట్టు దుప్పటి పరిశీలించి వచ్చారు.

"మీ భూమి ఇస్త్రీ చేసినట్టుంది," అని మాత్రం అని వెళ్ళిపోయారు.

అమ్మకి చచ్చేంత సిగ్గేసింది. మర్నాడు ఆయన వచ్చే వేళకి ముందే పడగ్గదిలోకెళ్ళి, రెండు చేతులతో దుప్పటి పిసికి ముడతలు పెట్టి వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను. మాస్టారు వచ్చారు, కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు.

"ఇవి చేతి ముడతలండీ. మనిషి పడుకుంటే పడే ముడతలు వేరు. భుజం దగ్గరొక గుంట ఉండాలి, మోకాలు దగ్గర ఒక మలుపుండాలి."

"ఎవరు చేతితో పెట్టింది? నేను పడుకున్నాను!"

"అబ్బే, నేను మిమ్మల్ని అనలేదు. దుప్పటిని అన్నాను."

ఆయన వెళ్ళాక అమ్మ గిన్నెలన్నీ మోగించింది. "పెద్ద పోలీసు బయల్దేరాడు! గుంట కావాలట, మలుపు కావాలట! పెడతాను, ఆయన అడిగినవన్నీ పెడతాను!" ఆ రాత్రి మేజోళ్ళు విప్పి విసిరికొట్టి, "గుంట పడే దాకా పడుకుని వచ్చేస్తాను. నువ్వు స్టౌ చూడు," అని వెళ్ళింది, కిటికీ వైపు, నాన్న చోట్లో.

నేను స్టౌ చూస్తూ కూర్చున్నాను. అమ్మ రాలేదు. మెల్లగా వెళ్ళి తొంగి చూశాను. గోడ వైపుకి తిరిగి, నోరు తెరుచుకుని, గురక పెడుతోంది. ఇన్నాళ్ళూ నా మీదికి నెట్టిన గురక ఎవరిదో అప్పుడు తేలిపోయింది. నేను గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను. చాలా హాయిగా ఏడ్చాను.

పొద్దున్న మాస్టారు దుప్పటి ముందు నిలబడ్డారు. టేపు కూడా తియ్యలేదు. "వందకి వంద," అని నా వీపు తట్టి వెళ్ళారు, మార్కులు నాకే వచ్చినట్టు. స్కూల్లో ఆయన నాకెప్పుడూ అన్ని మార్కులు వెయ్యలేదు.

ఆ తర్వాత అమ్మ రోజూ మంచం మీదే పడుకుంది. పాలు మాడడం ఆగిపోయింది. నడుం నిటారైంది. నన్ను తిట్టే ఓపిక కూడా తిరిగొచ్చింది. మా ఇంటికి నిజంగా వసంతం వచ్చింది.

వసంతం బయట కూడా వచ్చింది. మార్చి ఒకటిన అందరం ఎరుపు తెలుపు దారాల మార్తెనిత్సాలు మణికట్లకి కట్టుకున్నాం. ఈ సంవత్సరం చలి తొందరగా తగ్గి, జ్లాత్కమ్మ మడి పక్కనున్న ప్లమ్ చెట్టు తెల్లగా పూసేసింది. పూసిన చెట్టు కనిపిస్తే మార్తెనిత్సా విప్పి కొమ్మకి కట్టాలి కదా. ఆలస్యంగానైనా ఒకరోజు నేనూ ఉద్యోగానికి వెళుతూ నాది విప్పి, కొమ్మ వంచాను. వంచి అలాగే ఉండిపోయాను. అందరి దారాల మధ్య, ఎర్రదీ తెల్లదీ పెనవేసిన మా అమ్మ వైరు, కొమ్మకి శుభ్రంగా రెండు ముళ్ళు వేసి కట్టి ఉంది.

"జ్లాత్కమ్మా! ఇది ఎవరు కట్టారు?"

"నేనే కట్టాను. ఎవరో ఇంత పొడుగు మార్తెనిత్సా మేడ మీంచి దింపి, ఏదో ఇనప ముక్కకి చుట్టి వదిలేశారమ్మా. చెట్టు పూసి ఎన్నాళ్ళయింది, బుద్ధుండక్కర్లా? ఆ ఇంటికి అశుభం కదా. నేనే విప్పి కట్టి, వాళ్ళు చల్లగా ఉండాలని దణ్ణం కూడా పెట్టుకున్నాను."

పూత వచ్చి చాలా రోజులైంది. అంటే ఇన్నాళ్ళూ అమ్మ పడుకున్నది భూమి మీద కాదు, ఉత్త దుప్పటి మీద. ఈ సంగతి తెలిస్తే మళ్ళీ ఆ సోఫా మీదికి చేరుతుందేమో. ఉద్యోగం మాట మరిచిపోయి మాస్టారింటికి పరుగెత్తాను.

తలుపు తీసే ఉంది. "మాస్టారూ, వైరు..." అంటూ లోపలికెళ్ళి, అక్కడే ఆగాను. గోడ మేకుకి ఎర్రదీ తెల్లదీ పెనవేసిన వైరు చుట్ట వేలాడుతోంది. మా మంచాన్ని చుట్టి, వంటింటిని చుట్టి, పై అంతస్తు దాకా పోయేంత ఉంది.

"ఈ రకం రావడం లేదన్నారుగా?"

మాస్టారు చుట్ట వైపు చూశారు, నా వైపు చూశారు. మా క్లాసులో కాపీ కొడుతూ పట్టుబడ్డవాళ్ళ మొహం అచ్చం అలాగే ఉండేది.

"కూర్చో రాలీ," అన్నారు. "మా యోర్దాంకా పోయాక నేను బాల్కనీ కుర్చీలో పడుకునేవాణ్ణి. మంచం మీద నా చోట్లో పడుకుంటే, పక్కన దాని చోటు ఖాళీగా నావైపే చూసేది. ఒకరోజు చీకట్లో తడబడి దాని చోట్లో పడ్డాను. అటు పడుకుంటే ఖాళీగా ఉండేది మన చోటే కదమ్మా. మన చోటు ఖాళీగా ఉంటే మనకి దిగులెందుకు? మీ అమ్మకి ఈ మాట చెబితే నన్ను చీపురుతో కొట్టి ఉండేది. అందుకని వైరు అందదన్నాను. పెద్ద దుప్పటి వేస్తే మళ్ళీ గోడ వైపుకి జరిగిపోతుందని సగం దుప్పటి చెప్పాను."

ఆ మహానుభావుడు నా చేత ఎన్నిసార్లు గుంజీలు తీయించారో, ఆ గుంజీలన్నీ ఆ క్షణాన సార్థకమయ్యాయి. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాను. "జ్లాత్కమ్మ వైరు విప్పి చెట్టుకి కట్టేసింది మాస్టారూ."

"తెలుసు. పూత వచ్చిన వారంలోనే చూశాను."

"మరి మళ్ళీ కడ్డీకి చుట్టలేదేం?"

"నిద్రపోతున్న మనిషిని ఎందుకు కదపడం? అయినా చెట్టు మాత్రం ఎక్కడుంది? దాని వేళ్ళు నా కడ్డీ కంటే లోతు," అన్నారు, కాస్త పౌరుషంగా. "మీ అమ్మకి మాత్రం చెప్పకు. తెలిస్తే నిద్ర పాడవుతుంది."

ఒట్టు వేసి ఇంటికొచ్చాను. అమ్మ కిటికీ దగ్గర నిలబడి కిందకి చూస్తోంది.

"చెట్టు దగ్గర జ్లాత్కమ్మతో ఏమిటా అరుపులు? వైరు సంగతేనా?"

నేను బూట్లు విప్పడంలో మునిగిపోయాను.

"నాకెప్పుడో తెలుసులే," అంది అమ్మ. "ఆవిడ కట్టిన రోజే ఈ కిటికీలోంచి చూశాను. నువ్వు మాత్రం మాస్టారికి చెప్పకు. ముసలాయన పొద్దున్నే ఎంత సంబరంగా వస్తాడో చూస్తున్నావుగా. తన దుప్పటి వల్లే నేను నిద్రపోతున్నాననుకుంటున్నాడు. పాపం, తెలిస్తే ఆయనకి నిద్ర పట్టదు."

మర్నాడు పొద్దున్న తలుపు కొట్టిన చప్పుడు. అమ్మ అద్దంలో జుట్టు సర్దుకుని, పొయ్యిలోంచి వేడి బానిత్సా తీసి, తలుపు తీసింది. సాఫ్ట్‌నరు వాసన లేని దుప్పటి మీద నిద్రపోయి లేచిన మొహం, నిండుగా ఉంది.

"వెలిచ్కా గారూ, రాత్రి భూమి ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ! ఇంత గట్టి భూమి నేనెప్పుడూ చూడలేదు."

"ఆ మాత్రం ఉండాలి. వైరు మంచిది," అన్నారు మాస్టారు, నా వైపు ఓరగా చూస్తూ.

"మరే, వైరు మంచిది," అంది అమ్మ, అటు నుంచి ఓరగా నన్నే చూస్తూ.

నేను ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను. నోట్లో బానిత్సా కుక్కుకున్నాను కాబట్టి సరిపోయింది.